లైసెన్సు బోరు వేసినవారికి, నీళ్లకు కాదు

శ్రోతలకు నమస్కారం.

అమెరికాలో తాగునీటి భద్రతకు 1974లో ఒక కేంద్ర చట్టం వచ్చింది. కుళాయి నీళ్లలో ఏది ఎంతకు మించకూడదో ఆ చట్టం కిందే నిర్ణయిస్తారు. అయితే అది అన్ని నీళ్లకూ వర్తించదు. నీళ్లు సరఫరా చేసే వ్యవస్థకు కనీసం 15 కనెక్షన్లు ఉండాలి, లేదంటే ఏడాదిలో 60 రోజులైనా కనీసం 25 మందికి నీళ్లు అందిస్తుండాలి. పెరట్లో మన ఇంటి మటుకు వేసుకున్న బోరు ఈ లెక్కలోకి రాదు. అలాంటి సొంత బావుల మీద ఆధారపడ్డవాళ్లు 4 కోట్ల 30 లక్షలకు పైనే ఉన్నారని అక్కడి కేంద్ర భూవిజ్ఞాన సర్వే సంస్థ యూఎస్‌జీఎస్ చెబుతోంది. ఆ సంస్థే 1991 నుంచి 2004 దాకా సుమారు 2,100 బావుల నీళ్లు పరీక్షించింది. ఐదింట ఒకటి కంటే ఎక్కువ బావుల్లో ఏదో ఒక పదార్థం ఆరోగ్య పరిమితిని దాటి ఉంది.

అక్కడ ఊళ్లకు దూరంగా, విశాలమైన స్థలంలో ఇల్లు కొనుక్కునే మనవాళ్లకు బోరూ, సెప్టిక్ ట్యాంకూ రెండూ ఒకే ఆవరణలో ఎదురవుతాయి. కేంద్రం పట్టించుకోని ఈ రెండింటి బాధ్యతా రాష్ట్రాలదే. రాష్ట్రాలు ఎక్కువగా పట్టుకునేది పని చేసే మనిషిని. కారణం తేలికే: పనంతా మట్టి కిందికి పోతుంది. కప్పేశాక తవ్వి చూసేవారుండరు. అందుకే చేసే చేతికి పరీక్ష పెట్టి, లైసెన్సు ఇచ్చి, తప్పు చేస్తే ఆ లైసెన్సు తీసేస్తామంటారు.

బోరు సంగతే చూడండి. నేలలో రంధ్రం వేసి కేసింగ్ పైపు దించుతారు. రంధ్రం గోడకూ పైపుకూ మధ్య ఖాళీ మిగులుతుంది. దాన్ని సిమెంటుతోనో, బెంటొనైట్ అనే ఉబ్బే బంకమట్టితోనో పూడ్చాలి. ఆ పని సరిగ్గా చేయకపోతే పైనున్న మురికి వాననీరు పైపు పక్కనుంచే జారి, మట్టి పొరల వడపోత తప్పించుకుని, నేరుగా లోపలి నీటిలో కలుస్తుంది. పైకి మాత్రం మోటారు బాగానే పనిచేస్తుంది, నీళ్లు తేటగానే ఉంటాయి.

సెప్టిక్ ట్యాంకులో బరువైనది అడుగున పేరుకుంటుంది, జిడ్డు పైకి తేలుతుంది. మధ్యనున్న నీరు డ్రెయిన్ ఫీల్డ్ అనే నేలలోకి ఇంకుతుంది. ట్యాంకు ముఖ్యంగా చేసేది ఈ వేరుపరిచే పనే. అసలు శుద్ధి జరిగేది ఆ నేలలోనే. అందుకే మంచి ఇన్‌స్టాలర్ కాంక్రీటు గురించి తక్కువా, మట్టి గురించి ఎక్కువా మాట్లాడతాడు. తడి నేల మీద భారీ యంత్రం నడిపితే మట్టి గట్టిపడి ఇంకుడు శక్తి పోతుంది. కొత్తగా వేసిన ఫీల్డ్ మొదటి రోజే సగం చచ్చినట్టు. మట్టి సరిగ్గా ఉంటే సూక్ష్మక్రిములు చాలావరకు అక్కడే ఆగిపోతాయి. మురుగులోని నత్రజని నుంచి పుట్టే నైట్రేట్ మాత్రం ఆగదు, నీటితోపాటే దిగిపోతుంది. ట్యాంకుకూ బావికీ మధ్య ఇన్ని అడుగుల దూరం ఉండాలని నియమాలు పట్టుబట్టేది ఇందుకే. చాలాచోట్ల ట్యాంకుకు 50 అడుగులు, డ్రెయిన్ ఫీల్డ్‌కు 100 అడుగులు అడుగుతారు.

ఈ రెండు పనులనూ చూసే ఆఫీసు ఒక్కటే కాకపోవచ్చు. మిన్నెసోటాలో బోరు వేసేవారికి లైసెన్సు ఇచ్చేది ఆరోగ్య శాఖ. సెప్టిక్ పనివారికి ఇచ్చేది కాలుష్య నియంత్రణ సంస్థ. సెప్టిక్‌లోనూ డిజైన్ చేసేవారు వేరు, అమర్చేవారు వేరు, ట్యాంకు ఖాళీ చేసేవారు వేరు, తనిఖీ చేసేవారు వేరు. లైసెన్సుందా అని అడిగి ఊరుకుంటే చాలదు, ఏ పనికి ఉందో అడగాలి.

ఇంత కట్టుదిట్టం చేసిన వ్యవస్థ నీళ్ల దగ్గరికొచ్చేసరికి చేతులు కట్టుకుంటుంది. బోరు సరిగ్గా వేశారా అని అడిగే రాష్ట్రం, పదేళ్ల తర్వాత ఆ నీళ్లు ఎలా ఉన్నాయని సాధారణంగా అడగదు. సొంత ఇంట్లోకి ప్రభుత్వం రావడం అక్కడ చాలామందికి నచ్చదు. చట్టానికి లోపలికి వచ్చే వీలు దొరికేది ఇల్లు చేతులు మారేటప్పుడే.

న్యూజెర్సీ ఆ వీలును వాడుకుంది. 2002 సెప్టెంబరు నుంచి, బావి ఉన్న ఇల్లు అమ్మాలంటే నీటి పరీక్ష తప్పనిసరి. ఫలితాలు చూశామని అమ్మేవారూ కొనేవారూ ఇద్దరూ సంతకం చేయాలి. అద్దెకిచ్చే ఇంటికైతే ఐదేళ్లకోసారి పరీక్ష. అయితే పరీక్షలో నీళ్లు ఫెయిలైనా అమ్మకం ఆగదు! తెలిసి కొంటున్నారు కదా అన్నదే ఆ చట్టం తీరు. నాకది సగం చట్టంలాగే అనిపిస్తుంది, కానీ ఏమీ తెలియకుండా కొనడం కంటే ఈ సగమే నయం.

మసాచుసెట్స్ మరో దారిలో వెళ్లింది. టైటిల్ 5 అనే నిబంధనల కింద, ఇల్లు అమ్మేటప్పుడు సెప్టిక్ తనిఖీ జరగాలి. సాధారణంగా ఆ తనిఖీ రెండేళ్లు చెల్లుతుంది. ఫెయిలైతే బాగు చేయించాల్సిందే. అదే రాష్ట్రంలో బావి నీటి సంగతి మాత్రం ఊరి ఆరోగ్య బోర్డుకు వదిలేశారు. ఒక ఊళ్లో పరీక్ష అడుగుతారు, పక్క ఊళ్లో అడగరు.

కాబట్టి కొనేముందు రెండు కాగితాలు అడగండి. మొదటిది బోరు రికార్డు. ఎన్ని అడుగుల లోతు, కేసింగ్ ఎంత, ఏ పొరలు తగిలాయో బోరు వేసినవారు రాసి రాష్ట్రానికి పంపాలన్న నియమం చాలాచోట్ల ఉంది. రెండోది సెప్టిక్ ప్లాను, ట్యాంకు ఖాళీ చేయించిన రసీదులతో సహా. మామూలుగా మూడు నుంచి ఐదేళ్లకోసారి ఖాళీ చేయించాలి. రసీదులు లేకపోతే ఆ పని జరగలేదనే అనుకోండి.

కొన్నాక కోలిఫాం (మురికి కలిసిందేమో సూచించే బ్యాక్టీరియా), నైట్రేట్ పరీక్షలు ఏటా చేయించాలి, అదీ రాష్ట్రం గుర్తించిన ల్యాబులోనే. మెయిన్, న్యూహాంప్‌షైర్ లాంటి రాతినేల ప్రాంతాల్లో ఆర్సెనిక్ అనే విషపదార్థం కూడా చూడాలి. అది ఏ సెప్టిక్ నుంచీ వచ్చేది కాదు, రాతిలోనే ఉంటుంది. దానికి రంగూ రుచీ ఉండవు. కేంద్ర పరిమితి లీటరుకు 10 మైక్రోగ్రాములు, న్యూజెర్సీలో 5.

నైట్రేట్ పరిమితి, నత్రజని లెక్కన, లీటరుకు 10 మిల్లీగ్రాములు. ఇది పెట్టింది ముఖ్యంగా పసిపిల్లల కోసం. నైట్రేట్ ఎక్కువైన నీళ్లతో పాలపొడి కలిపి పడితే రక్తం ఆక్సిజన్ మోయలేక బిడ్డ ఒళ్లు నీలబడుతుంది. అయోవా బావుల నీళ్లు తాగిన శిశువుల్లో ఈ సంబంధాన్ని 1945లో హంటర్ కోమ్లీ అనే వైద్యుడు బయటపెట్టారు. నీళ్లు కాచితే సరిపోతుందనుకునేవారున్నారు. కాస్తే నీరు ఆవిరై నైట్రేట్ ఇంకా చిక్కబడుతుంది. బిడ్డ పుట్టబోతున్న ఇంట్లో ఏడాది గడువు కోసం ఆగకుండా ఈ పరీక్ష ముందే చేయించండి. నమస్కారం.