చలానా కట్టేశాం కదా, ఇంకేంటి?

(రోడ్డు భద్రతా మాసం సందర్భంగా హనుమకొండలోని ఒక డిగ్రీ కళాశాలలో చేసిన ప్రసంగ పాఠం)

ప్రిన్సిపల్ గారికి, ముందు వరసలో కూర్చున్న ట్రాఫిక్ సీఐ గారికి, వారి సిబ్బందికి, అధ్యాపకులకు, విద్యార్థులకు నమస్కారం.

ట్రాఫిక్ పోలీసుల గురించి జనం ఏమనుకుంటున్నారో చెప్పమన్నారు. సీఐ గారిని ఎదురుగా కూర్చోబెట్టి మరీ చెప్పమనడం నిర్వాహకుల గడుసుతనం. నేను వకీలును. రోడ్డు ప్రమాదాల నష్టపరిహారం కేసులు చూస్తాను. నా ఫైళ్ళలో పోలీసు ఎఫ్‌ఐఆర్‌లోనో పంచనామాలోనో కనిపిస్తాడు. అంటే అంతా అయిపోయాక వచ్చే పోలీసు. మీకు రోజూ కనిపించేది వేరే పోలీసు. చౌరస్తా దాటగానే చెట్టు నీడన కెమెరా పట్టుకుని నిలబడే మనిషి.

ఆ మనిషి విషయంలో మనం ఎలా ఉంటామో ఉన్నదున్నట్టు చెప్పుకుందాం. ఎదురొచ్చే బండివాడు లైటు రెండుసార్లు కొట్టి, ముందర మామలున్నారని సైగ చేస్తాడు. ఊరూ పేరూ తెలియనివాడికి మనం ఏ లాభం లేకుండా చేసే సాయం బహుశా ఇదొక్కటే. కొందరు నంబర్ ప్లేటు చివర వంచుతారు. కరోనా రోజుల్లో మూతికి పెట్టుకోవాల్సిన మాస్కు ప్లేటుకు తగిలించినవాళ్ళూ ఉన్నారు. బండి ఆపితే లైసెన్సు తీసేముందే ఫోన్ తీస్తాం. 'సార్, ఒక్కసారి మా బాబాయితో మాట్లాడండి' అంటాం. ఈ రాష్ట్రంలో ప్రతివాడికీ ఒక బాబాయి ఉంటాడు.

ఇది తప్పు అని చెప్పి దిగిపోవచ్చు. కానీ ఇంతమంది, చదువుకున్నవాళ్ళు, ఉద్యోగస్తులు, ఇంట్లో పిల్లలకు బుద్ధులు చెప్పేవాళ్ళు కూడా ఇలాగే చేస్తున్నారంటే కారణం వెతకాలి.

ఒక కారణం పాతది. మనలో చాలామంది జీవితంలో ఒక్కసారి కూడా పోలీస్ స్టేషన్ మెట్లెక్కరు. స్టేషన్ గురించి విన్నవన్నీ మాత్రం మనసులో ఉంటాయి. ఫిర్యాదు తీసుకోకుండా తిప్పుకోవడం, పలుకుబడి ఉన్నవాడికి కుర్చీ వేయడం, లేనివాడిని ఏకవచనంలో పిలవడం. పోలీసులపై ఫిర్యాదులు వినడానికి రాష్ట్ర, జిల్లా స్థాయిల్లో ప్రత్యేక సంస్థలు పెట్టాలని సుప్రీంకోర్టు ప్రకాశ్ సింగ్ కేసులో 2006లోనే ఆదేశించింది. ఆ తీర్పు పేరు ఈ హాల్లో ఎంతమంది విన్నారో చేతులెత్తమని అడగను. స్టేషన్ మీదున్న ఆ కోపమంతా రోడ్డు మీద దొరికిన కానిస్టేబుల్ నెత్తిన పడుతుంది. చాలామందికి ఎదురుపడే ఏకైక పోలీసు అతనే.

రెండో కారణం కొత్తది, మనం కళ్ళారా చూసింది. నేను ముఖ్యంగా మాట్లాడదలచుకున్నది దీని గురించే.

2019 సెప్టెంబర్ 1న మోటారు వాహనాల చట్టం సవరణలు అమల్లోకి వచ్చాయి. హెల్మెట్ లేకపోతే 1,000 రూపాయలు, సీటు బెల్టు లేకపోతే 1,000, లైసెన్సు లేకుండా నడిపితే 5,000. దేశమంతా గగ్గోలు. గుజరాత్ పది రోజుల్లోనే హెల్మెట్ జరిమానాను 500కు దించింది. మన తెలంగాణ ఆ పెంచిన రేట్లను అప్పుడు అమలు చేయనే లేదు. ఆంధ్రప్రదేశ్‌లో హెల్మెట్‌కు 1,000 రూపాయలు 2025 మార్చి నుంచి మొదలైంది. కృష్ణకు అటొక రేటు, ఇటొక రేటు. తల మాత్రం రెండు వైపులా ఒకటే.

మనకు పెద్ద జరిమానాలు రాలేదు సరే, చిన్న చలానాలు మాత్రం వానలా పడ్డాయి. ఎవరూ ఆపరు, ఏమీ అనరు. ఎక్కడో ఫొటో పడుతుంది. కొన్నాళ్ళకు ఫోన్‌కు మెసేజ్ వస్తుంది. జరిమానా ఇంత, దానిమీద 35 రూపాయలు యూజర్ ఛార్జీ. తప్పు చేసి శిక్ష అనుభవిస్తూ సర్వీసు ఛార్జీ కూడా కట్టాలన్నమాట! జనం ఏం చేశారు? కట్టకుండా వదిలేశారు. పేరుకుపోయాయి.

అప్పుడు 2022 మార్చిలో రాయితీ వచ్చింది. ద్విచక్ర వాహనాలకు, ఆటోలకు 75 శాతం తగ్గింపు, కార్లకు 50 శాతం. జనం ఎగబడి కట్టారు. సుమారు 300 కోట్లు వచ్చాయని అప్పట్లో లెక్క చెప్పారు. మళ్ళీ 2023 డిసెంబర్ 26 నుంచి రెండో విడత. ఈసారి బైకులకు, ఆటోలకు 80 శాతం, కార్లకు 60. గడువు జనవరి 10 అన్నారు, నెలాఖరు దాకా పొడిగించారు, ఫిబ్రవరి 15 దాకా మళ్ళీ పొడిగించారు.

కాస్త లెక్క వేయండి. మీ బైకు మీద 1,000 రూపాయల చలానాలు ఉన్నాయనుకుందాం. పడిన వారంలోనే కట్టిన బుద్ధిమంతుడికి 1,000 పోయింది. 2022 దాకా ఆగినవాడికి 250. అప్పుడూ కట్టకుండా తర్వాతి విడత దాకా దాచుకున్నవాడికి 200. ఎంత మొండికేస్తే అంత లాభం. తరగతి గదిలో కూర్చోబెట్టి ఏళ్ళ తరబడి నేర్పినా ఇంత బాగా ఎక్కని పాఠం అది. ఇప్పుడు ఎవరినైనా చలానా ఎందుకు కట్టలేదని అడగండి. 'ఆఫర్ వస్తది కదన్నా' అంటాడు. శిక్షకు ఆఫర్ ఏమిటని అతనికీ అనిపించదు, మనకూ అనిపించదు.

అక్కడే చలానా కరెంటు బిల్లులాంటిదైపోయింది. బిల్లు కట్టాక మీటరు రీడరు మీద గౌరవం ఉండదు, చేసిన పనికి సిగ్గూ ఉండదు. 'చలానా కట్టేశాం కదా, ఇంకేంటి?' అంటాం. సిగ్నల్ జంప్ చేసినందుకు కాదు, ఫొటోకు దొరికినందుకు డబ్బు కట్టామని లెక్క. పోలీసు వైపు నుంచి చూసినా అంతే. ఎదురుగా రాంగ్ రూట్‌లో వస్తున్నవాణ్ణి ఆపి పక్కకు పంపితే ఒక ప్రాణం దక్కవచ్చు, కానీ అది ఏ రికార్డులోనూ ఎక్కదు. ఫొటో కొడితే ఒక అంకె అవుతుంది. ఆపడానికి మాట్లాడాలి, వాదన వినాలి, బాబాయి ఫోన్ ఎత్తాలి. ఫొటోకు ఆ బాధ లేదు. ఈ వృత్తిలో ఉన్నవాళ్ళ మీద నాకు కోపం లేదు సీఐ గారూ, మీ చేతికి ఇచ్చిన పనిముట్టు అలాంటిది.

కెమెరాకు నియమాలు లేవని కాదు. 2021 ఆగస్టులో కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 167ఎ అని చేర్చారు. కెమెరా ఉన్నచోట నిఘా ఉందని బోర్డు పెట్టాలి. తప్పు జరిగిన 15 రోజుల్లోగా నోటీసు పంపాలి. మీ బండి మీద ఎప్పటిదో చలానా ఉందని చెకింగులో ఆపినప్పుడే మొదటిసారి తెలిస్తే, మీకు కోపం రావడంలో తప్పు లేదు. అలాగే బండి అమ్మేసి ఆర్‌సీ మార్పించని వాళ్ళ గోడు నా దగ్గరికి చాలా వస్తుంది. కొన్నవాడు మూడు సవారీలతో తిరుగుతాడు, చలానాలు అమ్మినవాడి ఫోన్‌కు వస్తాయి. ఇందులో పోలీసు తప్పు తక్కువ, మన బద్ధకం ఎక్కువ. అమ్మిన రోజే ఆర్‌టీఏ పని పూర్తి చేయండి. ఆ బండితో ప్రమాదం జరిగితే కోర్టు నోటీసు కూడా రికార్డులో ఉన్న యజమానికే వస్తుంది.

ఇప్పుడు దీనికి పూర్తిగా భిన్నమైన కేసు చూడండి. డ్రంక్ అండ్ డ్రైవ్. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే నేరం. మొదటిసారికి ఆరు నెలల దాకా జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. దీనికి ఆన్‌లైన్‌లో డబ్బు కట్టి తప్పించుకునే దారి లేదు. హైదరాబాద్‌లో పట్టుబడినవాళ్ళను గోషామహల్, బేగంపేట ట్రాఫిక్ శిక్షణ కేంద్రాల్లో కుటుంబసభ్యులతో సహా కౌన్సెలింగ్‌కు రమ్మంటారు. తర్వాత మేజిస్ట్రేట్ ముందు నిలబడాలి. కొందరు జైలుకు వెళ్ళారు. దీనికి 80 శాతం తగ్గింపు ఎవరూ ప్రకటించలేదు.

ఫలితం మీకే తెలుసు. పెళ్ళి విందులో 'ఇవాళ నేను తాగను, బండి నాది' అనే మాట ఇప్పుడు నలుగురిలో వినిపిస్తుంది. క్యాబ్ బుక్ చేసుకోవడం చిన్నతనం కాదు. అందరూ మారారని కాదు, తాగి నడిపేవాళ్ళు ఇంకా ఉన్నారు, నా ఫైళ్ళలోకి వస్తూనే ఉన్నారు. కానీ డ్రంక్ అండ్ డ్రైవ్‌లో దొరికినవాడు ఆ సంగతి ఆఫీసులో చెప్పుకోడు. హెల్మెట్ చలానా పడినవాడు మాత్రం స్క్రీన్‌షాట్ తీసి స్టేటస్ పెట్టుకుంటాడు. తేడా జరిమానా సైజులో లేదు. భార్యనో తండ్రినో పక్కన పెట్టుకుని కౌన్సెలింగ్‌లో కూర్చోవడంలో ఉంది.

అదే దారిలో తెలంగాణలో ఇంకో మంచి ప్రయత్నం జరిగింది. 2017 ఆగస్టులో పాయింట్ల పద్ధతి పెట్టారు. తప్పుకు ఇన్ని పాయింట్లని, 24 నెలల్లో 12 పాయింట్లు చేరితే లైసెన్సు ఏడాదిపాటు సస్పెండ్. డబ్బున్నవాడికీ లేనివాడికీ ఒకే దెబ్బ. ఆ పద్ధతి ఇప్పుడు ఎంతమందికి గుర్తుంది?

హెల్మెట్ సంగతి ఒక్క అంకెతో వదిలేస్తాను. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే, అందులో హెల్మెట్ లేనివాళ్ళు 50,029. కేంద్ర రవాణా శాఖ లెక్క. వెనక కూర్చున్నవాళ్ళే 14 వేల పైచిలుకు. వెనక కూర్చునే ఆడపిల్లలూ, ఈ మాట మీకే.

ఇక పోలీసంటే ఉన్న అపనమ్మకం వల్ల నిజంగా నష్టపోయేది ఎక్కడో చెప్తాను. ప్రమాదం జరుగుతుంది. మనిషి రోడ్డు మీద పడి ఉంటాడు. బళ్ళు నెమ్మదిస్తాయి, చూస్తాయి, సాగిపోతాయి. జాలి లేక కాదు. 'దవాఖానకు తీసుకుపోతే మనల్నే స్టేషన్ చుట్టూ తిప్పుతరు' అన్న భయం. నా కేసుల్లో సాక్షి దొరకడం ఎంత కష్టమో చెప్పలేను. పది మంది చూసిన ప్రమాదానికి ఎఫ్‌ఐఆర్‌లో ఒక్క పేరు ఉండదు. పోలీసును తప్పించుకోవడం అలవాటైన ఊళ్ళో, పోలీసు అవసరమైన రోజు కూడా జనం తప్పించుకునే పోతారు.

దీనికి చట్టంలో మందు ఉంది. 2019 సవరణలోనే 134ఎ అనే సెక్షన్ వచ్చింది. గాయపడినవాడికి మంచి ఉద్దేశంతో సాయం చేసినవాడి మీద సివిల్ కేసు గానీ క్రిమినల్ కేసు గానీ ఉండదు. పేరు, చిరునామా చెప్పమని పోలీసు బలవంతం చేయడానికి వీల్లేదు. ఇష్టమైతే చెప్పవచ్చు, సాక్షిగా ఉండవచ్చు. ఈ సంగతి చలానా మెసేజ్ వచ్చిన ప్రతి ఫోన్‌కూ పంపితే ఎంత బాగుండేది! సీఐ గారూ, ఫోన్ నంబర్లు ఎలాగూ మీ దగ్గరున్నాయి.

పారిపోయే డ్రైవర్లదీ ఇదే కథ. ఐపీసీ స్థానంలో వచ్చిన కొత్త న్యాయ సంహితలో, ప్రమాదం చేసి చెప్పకుండా పారిపోతే పదేళ్ళ దాకా జైలు అని పెట్టారు. 2024 జనవరి మొదట్లో లారీ డ్రైవర్లు సమ్మెకు దిగారు. పెట్రోలు దొరకదని హైదరాబాద్ బంకుల ముందు క్యూలు కట్టారు, గుర్తుందా? డ్రైవర్లు చెప్పింది ఒకటే, ఆగితే జనం చంపేస్తారని. ఆ ఉపసెక్షన్‌ను అమలు చేయకుండా పక్కన పెట్టారు. ఆగిన డ్రైవరును జనం దెబ్బల నుంచి కాపాడాల్సింది ఎవరు? మళ్ళీ ఆ కానిస్టేబులే.

ఆ కానిస్టేబుల్ గురించి కూడా చెప్పాలి. మే నెల ఎండలో మధ్యాహ్నం పూట, బస్సుల పొగలో, హారన్ల మోతలో ఎనిమిది గంటలు నిలబడి చూడండి. హైదరాబాద్‌లో ఏసీ హెల్మెట్లు ప్రయోగాత్మకంగా ఇచ్చారు, సంతోషం. కూడళ్ళలో మహిళా కానిస్టేబుళ్ళకు టాయిలెట్ ఎక్కడుందో ముందు చూడండి. వీఐపీ కాన్వాయ్ వస్తే మనల్ని ఆపేది వాళ్ళే, తిట్లు పడేదీ వాళ్ళకే. కాన్వాయ్‌లో కూర్చున్నవాడికి ఒక్క తిట్టూ వినపడదు. 2024 డిసెంబర్‌లో హైదరాబాద్ ట్రాఫిక్ విభాగంలో ట్రాన్స్‌జెండర్లను అసిస్టెంట్లుగా తీసుకున్నారు. సిగ్నల్ దగ్గర చెయ్యి చాచడమే మనం చూసిన మనుషులు ఇప్పుడు అక్కడే యూనిఫాంలో నిలబడి మనల్ని ఆపుతున్నారు. పోలీసు శాఖ మీద జనం అభిప్రాయం మార్చడానికి వంద పోస్టర్ల కన్నా ఇది మేలని నా ఉద్దేశం.

చివరగా విద్యార్థులకు నాలుగు పనికొచ్చే మాటలు. ఆపితే ఆగండి. డిజీలాకర్‌లో చూపించిన లైసెన్సు, ఆర్‌సీ చెల్లుతాయి, కాగితాలే కావాలంటే మర్యాదగా నియమం చెప్పండి. చలానా తప్పని అనిపిస్తే ఫొటో తెరిచి చూడండి, అక్కడే ఫిర్యాదు పెట్టండి, రోడ్డు మీద గొంతు పెంచకండి. బాబాయికి ఫోన్ చేయకండి. మీకు బాబాయి ఉన్నాడు, మీ వెనకాల ఆటోవాడికి లేడు.

సీఐ గారికి రెండు విన్నపాలు. ప్రభుత్వ వాహనాల మీద ఉన్న చలానాలు ముందు కట్టించి, ఆ లెక్క బోర్డు మీద పెట్టండి. ఇంకోటి, ఆపినవాడి బండి తాళంచెవి మీవాళ్ళు లాక్కుంటున్నారు. అలా లాక్కోమని మోటారు వాహనాల చట్టంలో నాకెక్కడా కనపడలేదు. వాళ్ళను ఆపమనండి. కుర్రాళ్ళకు చలానా కన్నా ఎక్కువ మండేది దానికే.

వారు తల ఊపుతున్నారు. ఒప్పుకున్నారో, జవాబు చెప్తానంటున్నారో తెలియడం లేదు. మైకు వారికే ఇస్తున్నాను.