బడి గేటు నుంచి యాభై మీటర్లు

శ్రోతలకు నమస్కారం.

మొన్న సాయంత్రం హన్మకొండలో ఒక బడి ముందు నిలబడ్డాను. గంట కొట్టగానే పిల్లలు ఎదురుగా ఉన్న కిరాణా కొట్టు మీదికి ఉరికారు. తోరణాల్లా వేలాడుతున్న ఐదు రూపాయల చిప్స్ ప్యాకెట్లు చూస్తుండగానే సగం తెగిపోయాయి. పక్కనే ఒక అవ్వ గంపలో జామకాయలు పెట్టుకుని కూర్చుంది. కాయ పది రూపాయలు. ఒక చిన్నపిల్ల కాయ చేతిలోకి తీసుకుంది, పైసలు చూసుకుంది, మళ్లీ గంపలో పెట్టి కొట్టు వైపు నడిచింది.

ఆ పిల్లకు నోరు కట్టుకోవడం చేతకాలేదని ఎట్లా అంటాం?

లావైనవాళ్లు కనబడితే చాలు, తిండి తగ్గించమని చెప్పేస్తాం. కానీ 2022 నాటికే ప్రపంచంలో ప్రతి ఎనిమిది మందిలో ఒకరికి ఊబకాయం ఉంది. వంద కోట్ల పైమాటే. ఇంతమందికీ ఒక్కసారే నోటి మీద అదుపు తప్పిందా? మారింది తిండి, దాని ధర, దాన్ని అమ్మే తీరు.

ఇది ఉన్నోళ్ల రోగమూ కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ ఆడవాళ్లలో నూటికి 30 మంది ఉండాల్సినదానికన్నా ఎక్కువ బరువున్నారు. అదే సర్వేలో సగానికి పైగా ఆడవాళ్లకు రక్తం తక్కువ. కడుపు నిండుతోంది, ఒంటికి కావలసింది అందడం లేదు. జొన్నరొట్టె, మక్క గట్క తిన్న ఇళ్లలో ఇప్పుడు మూడు పూటలా తెల్లన్నమే. పప్పు, కూరగాయలు కొనాలంటేనే చేయి వెనక్కి పోతోంది.

అందుకే దీన్ని ఒక్కొక్కరి సొంత బాధగా వదిలేయొద్దంటున్నాను. మెక్సికో 2014లో తీపి కూల్‌డ్రింకుల మీద పన్ను వేస్తే కొనుగోళ్లు తగ్గాయి. చిలీలో 2016 నుంచి చక్కెర, ఉప్పు, కొవ్వు మితిమీరిన ప్యాకెట్ల ముందువైపే నల్లటి హెచ్చరిక ముద్ర ఉంటుంది. ఆ ముద్ర పడ్డ సరుకు బళ్లలో అమ్మకూడదు. మన ప్యాకెట్ల వెనక ఆవగింజంత అక్షరాలు చదవాలంటే నాకు కళ్లద్దాలు చాలలేదు.

మనకూ ఒక నియమం ఉంది. కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న తిండిని బడిలోనే కాదు, బడి గేటు నుంచి యాభై మీటర్ల లోపల కూడా అమ్మకూడదని దేశ ఆహార భద్రతా సంస్థ 2020లోనే చెప్పింది. ఆ రోజు గేటు నుంచి కొట్టు దాకా అడుగులు లెక్కపెట్టాను. ఇరవై రెండు.

కొట్టాయన మీద నాకు కోపం లేదు. పల్లీపట్టి, ఉడికించిన మక్కకంకి అమ్మినా ఆయనకు బేరం ఉంటుంది. మీరు ఈసారి పేరెంట్స్ మీటింగుకు వెళ్లినప్పుడు మార్కులతో పాటు ఆ యాభై మీటర్ల సంగతి కూడా అడగండి. నమస్కారం.