పల్లపు దేశంలో కొండ దారి

శ్రోతలకు నమస్కారం. నాకిచ్చినవి కొద్ది నిమిషాలు, చెప్పాల్సిన దారేమో పీటర్‌పాడ్ అనే కాలిబాట, ఐదు వందల కిలోమీటర్లు. అందుకని ఉపోద్ఘాతం వదిలేసి నేరుగా నడకలోకి వచ్చేస్తాను.

నెదర్లాండ్స్. పేరులోనే ఉంది, పల్లపు నేల అని. దేశంలో దాదాపు నాలుగో వంతు సముద్రమట్టం కంటే కిందే ఉంటుంది. అక్కడ కొండల్లో నడక ఏమిటండీ అని ఎవరో అంటే నేనూ నవ్వాను. ఐరోపాలో ఉన్న భాగం వరకు చూస్తే వాళ్ళ ఎత్తైన చోటు వాల్సర్‌బర్గ్, 322 మీటర్లు, అంతే. బర్గ్ అంటే వాళ్ళ భాషలో కొండ. సుమారు 80 మీటర్లుండే లేమెలర్‌బర్గ్ కూడా వాళ్ళకి కొండే! మనమైతే దాన్ని మిట్ట అనేసి ఊరుకుంటాం. కానీ చుట్టూ కనుచూపు మేర బల్లపరుపుగా ఉన్నప్పుడు ఆ 80 మీటర్లు ఎక్కి నిలబడితే ఎంత దూరం కనిపిస్తుందో ఎక్కితే గానీ తెలియదు.

ఇప్పుడు నాకిష్టమైన కథ. ఇద్దరు స్నేహితురాళ్ళు. ఒకరు టోస్ గోర్‌హుయిస్, ఇంకొకరు బెర్ట్యే యెన్స్. ఒకరిది దక్షిణాన టిల్‌బర్గ్, ఇంకొకరిది ఉత్తరాన గ్రోనింగెన్. ఇద్దరూ అరవై దాటినవాళ్ళు. ఇద్దరికీ నడక పిచ్చి. దేశం ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిచి వెళ్ళే దారి ఒకటి ఉంటే బాగుండు అనుకున్నారు. అనుకోవడం అందరం అనుకుంటాం. వీళ్ళు 1978లో మ్యాపులు ముందేసుకుని కూర్చున్నారు, తర్వాత లేచి నడిచారు. 1983లో ఆ దారి అధికారికంగా మొదలైంది. ఉత్తరాన సముద్రం దగ్గరి పీటర్‌బ్యూరెన్ అనే చిన్న ఊరి నుంచి దక్షిణాన మాస్ట్రిక్ట్ పక్కనున్న సింట్ పీటర్స్‌బర్గ్ అనే కొండ దాకా. ఆ చివరా పీటర్, ఈ చివరా పీటర్, పాడ్ అంటే బాట, అందుకని దారికి పీటర్‌పాడ్ అని పేరు. 26 మజిలీలు. రోజుకొకటి నడవొచ్చు, ఏడాదికొకటి నడిచినా అడిగేవాళ్ళు లేరు.

ఇందులో నాకు బాగా నచ్చేది ఏమిటంటే వాళ్ళు కొత్తగా రోడ్డేమీ వేయలేదు. ఉన్న అడవి దారి, ఉన్న పొలం గట్టు, ఉన్న ఊరి సందు, ఉన్న ఏటి ఒడ్డు, వీటినే ఒకదానికొకటి ముడివేసుకుంటూ పోయారు. మిల్లింగెన్ దగ్గర నది అడ్డొస్తే పడవెక్కి దాటడమే.

మరి పల్లపు నేలలో ఈ గుట్టలెక్కడివి? ఉత్తరానివి మంచు పని. సుమారు లక్షన్నర ఏళ్ళ కిందట స్కాండినేవియా వైపు నుంచి మంచు పలక ఒకటి జరుగుతూ జరుగుతూ దేశం నడుమ దాకా వచ్చి, నదులు తెచ్చి పోసిన ఇసుకనీ గులకరాళ్ళనీ బుల్‌డోజర్‌లా ముందుకి నెట్టి కుప్పేసింది. మంచు కరిగిపోయింది, కుప్ప మిగిలింది. దక్షిణాన లింబర్గ్‌లో కథ తిరగబడుతుంది. అక్కడ నేల మెల్లగా పైకి లేస్తుంటే మాస్ నదీ, దాంట్లో కలిసే గుల్ లాంటి చిన్న ఏరులూ కిందికి కోసుకుంటూ పోయాయి. అంటే ఉత్తరాన కొండ ఎక్కుతాం, దక్షిణాన లోయలోకి దిగుతాం. మైదానంలాంటి పొలాల్లో నడుస్తూ నడుస్తూ ఉంటే ఉన్నట్టుండి కాళ్ళ కింద నేల జారి, అడుగున ఏరు కనిపిస్తుంది. బండ్ల రాకపోకలకీ వానలకీ అరిగి అరిగి మనిషెత్తు లోతుకి దిగిపోయిన పాత బాటలు కూడా అక్కడే.

నేను నడిచింది రెండే రెండు మజిలీలు, గొప్పలు చెప్పుకోను. మొదటి రోజు వెఖ్ట్ నది ఒడ్డునున్న ఓమెన్ నుంచి హెలెన్‌డోర్న్ దాకా, 21 కిలోమీటర్లు. రెండో రోజు అక్కడి నుంచి హోల్టెన్ దాకా, 16. ఆ రెండో రోజు దారి సాలండ్ గుట్టల మీదుగా పోతుంది. పైన్ చెట్ల అడవి, అది దాటగానే బయలు, ఆ బయలంతా ఆగస్టు కాబట్టి ఊదారంగు హీథర్ పూలు. బ్లాక్ గ్రౌస్ అనే పక్షి ఆ దేశంలో ఆఖరికి మిగిలింది ఈ గుట్టల్లోనే. నాకైతే దాని రెక్క కూడా కనబడలేదు.

ఆ పూలు చూస్తూనే తప్పిపోయాను. ఇక్కడ కాస్త జాగ్రత్తగా వినండి, ఉపయోగపడే సంగతి ఇదొక్కటే. పీటర్‌పాడ్‌కి గుర్తు రెండు గీతలు, పైన తెలుపు, కింద ఎరుపు. చెట్ల మీద, గుంజల మీద, దీపస్తంభాల మీద ఉంటుంది. గీతలు తిన్నగా ఉంటే తిన్నగా పోవాలి, వంగితే వంగిన వైపు తిరగాలి. అవే రెండు రంగులతో ఇంటూ మార్కు ఉంటే ఇటు కాదు అని. అవే రంగులు! నేను దూరం నుంచి ఎరుపూ తెలుపూ చూసి, ఆహా గుర్తు ఉంది, దారి కరెక్టే అనుకుని ఇంటూ మార్కు పక్క నుంచే దర్జాగా నడిచి వెళ్ళాను. నలభై నిమిషాలు. ఇక గుర్తులే లేవు. అప్పుడు మొదలైంది టెన్షన్.

అందుకని చెబుతున్నాను, రంగు చూసి ఆగిపోకండి, ఆకారం చూడండి. కూడలి దాటాక కాసేపట్లో మళ్ళీ గుర్తు కనబడాలి. కనబడలేదా, ముందు ఒకసారి వెనక్కి తిరిగి చూడండి. ఈ దారికి రెండు వైపులా గుర్తులుంటాయి, ఎదురుగా వచ్చేవాళ్ళ కోసం వేసింది మీరు దాటొచ్చిన చెట్టుకి అవతలి వైపున ఉండొచ్చు. అదీ లేకపోతే ఇంకాస్త ముందుకెళ్తే తగులుతుందిలే అనుకోకండి, అడ్డదారిన అడవిలో పడకండి, ఆఖరుసారి గుర్తు ఎక్కడ చూశారో అక్కడికే వెనక్కి వెళ్ళండి. వెనక్కి నడవడం మహా చిరాకు, నాకు తెలుసు. నేను ఆ నలభై నిమిషాలూ వెనక్కి నడిచి, ఆ ఇంటూ మార్కుని ఈసారి దగ్గరగా చూసి, హోల్టెన్ స్టేషన్ చేరేసరికి నేనెక్కాల్సిన రైలు వెళ్ళిపోయింది. తర్వాతి రైల్లో వచ్చాను.