వలలో పడ్డ పెద్ద సొర: ఫోన్-ఇన్

యాంకర్: హలో, చెప్పండి.

కాలర్: నమస్కారమండీ, పూడిమడక నుంచి. మొన్న రాత్రి మా రింగు వలలో ఒంటినిండా చుక్కలున్న పెద్ద సొర పడింది. మీరు వేల్ షార్క్ అంటారే, అది. వల కోసి వదిలేశాం. బాగుచేయడానికి 40 వేలన్నారు. మేం దాన్ని తినం, పట్టాలని వెళ్లం. మరి దానికి చట్టమెందుకు మేడమ్?

నిపుణురాలు: వదిలినప్పుడు బతికే ఉందా?

కాలర్: భేషుగ్గా ఉందండీ. తోకతో ఒక్క దెబ్బ కొట్టింది, బోటులో అందరం తడిసిపోయాం.

నిపుణురాలు: మంచి పని చేశారు. మీరు తినరు సరే, గుజరాత్‌లో వెరావల్ వైపు కావాలనే వేటాడేవారు. కాలేయం నూనె పడవ చెక్కలకు పూసేవారు, మాంసం ఎగుమతయ్యేది. అందుకే 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో, అంటే వేటాడకూడని జంతువుల జాబితాలో చేర్చారు. ఆ చట్టం కిందికి వచ్చిన మొదటి చేప ఇదే.

కాలర్: తైవాన్‌లో ఒకదాని కడుపులో 300 పిల్లలున్నాయట కదా! అన్ని కనేది తగ్గిపోవడమేంటి?

నిపుణురాలు: 1995లో సంగతి, నిజమే. కానీ ఆ పిల్ల తల్లి కావడానికి పాతికేళ్లు పట్టొచ్చు. కవళ్లలాంటి చిన్న చేపల్లా ఏడాదికే ఎదిగిపోదు. ఈలోగా ఎన్ని వలలు దాటాలి?

యాంకర్: మరి ఈయన వల డబ్బులు?

నిపుణురాలు: అక్కడ ఆయన మాటే న్యాయం. గుజరాత్‌లో కోసిన వలకు 25 వేల దాకా పరిహారం పెట్టారు, ఆధారం జాలరులు తీసిన ఫొటోలే. జైలు భయం ఒక్కటే చూపిస్తే, చచ్చినదాన్ని చీకట్లో సముద్రంలోకి తోసేసి ఎవరూ నోరు విప్పరు. మీరు ఫొటోలు తీశారా?

కాలర్: మా అబ్బాయి వీడియో తీశాడు.

నిపుణురాలు: అది చెరపొద్దు. వల కుట్టేవాళ్ల దగ్గర ఖర్చు రాయించుకుని, వీడియోతో కలిపి మత్స్యశాఖ ఆఫీసులో అర్జీ ఇవ్వండి, నకలు మీద ముద్ర వేయించుకోండి. ఇంకోసారి పడితే తోకకు తాడు కట్టి మాత్రం లాగొద్దు.

యాంకర్: ఇంకో కాల్. చెప్పండమ్మా.

కాలర్: విశాఖ నుంచండీ. మా కోడలు బాలింత. పాల సొర వండి పెడితే కేసవుతుందా?

నిపుణురాలు: (నవ్వుతూ) కాదమ్మా, అది షెడ్యూల్ 1లో లేదు. మూరెడైనా లేని పిల్లలు మాత్రం కొనకండి.

కాలర్: అయ్యో, అవే కదమ్మా మెత్తగా ఉండేది!