ఎవలు చూసిండ్రు?

అధ్యక్షులకు, పెద్దలకు నమస్కారం. పేరుపేరునా చెబితే నాకిచ్చిన పది నిమిషాలూ అక్కడే అయిపోతాయి, క్షమించాలి.

సెప్టెంబర్ 9, ప్రజాకవి కాళోజీ పుట్టినరోజు, తెలంగాణ భాషా దినోత్సవం. ఈ రోజు హనుమకొండలో నిలబడి తెలుగు గొప్పదంటే చప్పట్లు కొడతారు. నేను మాత్రం మనం రాసే వాక్యం మీద ఫిర్యాదుతో వచ్చాను. మూడు ముక్కలు రాసుకొచ్చాను గానీ, చివరిదే ముందు చెబుతాను. అది మా అమ్మ సంగతి.

అమ్మకు పింఛన్ ఆగిపోయింది. అర్జీ నేనే రాశాను. నాలుగు నెలలకు ఆఫీసు నుంచి జవాబొచ్చింది: 'మీ దరఖాస్తును పరిశీలించడం జరిగింది. తగు చర్యలు తీసుకొనబడును.' అమ్మకు చదువు రాదు, నేనే చదివి వినిపించాను. వెంటనే అడిగింది: "ఎవలు చూసిండ్రు కొడుకా?" మళ్లీ చదివాను. ఎవరూ లేరు. "మరి ఎవలు చేస్తరట?" అక్కడా లేరు.

మన క్రియకు తోక ఉంటుంది. చూశాను అంటే నేను, చూశాం అంటే మేము, చూశారు అంటే వాళ్లు. విడిగా చెప్పకపోయినా మనిషి ఆ తోకలోనే ఉంటాడు. 'చూడడం జరిగింది' అన్నామా, మెల్లగా జారుకుంటాడు. ఎవరినడగాలి ఇక?

వెనక వరుసలో మాస్టారు ఏదో అంటున్నారు, 'తీసుకొనబడును'లోని 'బడు' మన మాటే కదా అని. నిజమే సార్. కనబడు, వినబడు, నిలబడు, వీటితో నాకు పేచీ లేదు. మీ ఇంట్లో ఎప్పుడైనా 'అన్నం వండబడింది, రండి' అని పిలిచారా? చెప్పండి!

మిగతా రెండు ముక్కలు గబగబా చెప్పేస్తాను. 'గ్రామం యొక్క చెరువు' వద్దు, ఊరి చెరువు చాలు. 'చేసినటువంటి'లో 'టువంటి' కొట్టేయండి, ఏమీ పోదు. 'మరమ్మతు పనులు చేపట్టారు' అంటే ఏం చేసినట్టు? గండి పూడ్చారా, పూడిక తీశారా, తూము బాగుచేశారా? పాకాల, రామప్ప చెరువుల నీళ్లు తాగిన వాళ్లం, మనకు ఈ మాటలు కరువా?

ఇంకో మాట, చెప్పక తప్పదు. ఈ ప్రసంగం కోసం నిన్న పాత ఫైలు తీశాను. అమ్మ అర్జీ నకలు దొరికింది. నా చేతిరాతే: 'మా తల్లి యొక్క పింఛన్ నిలిపివేయబడినది. కావున ఈ అర్జీ సమర్పించుకోవడం జరుగుతున్నది.'

కింద అమ్మ వేలిముద్ర. ఆ రోజు చదివి వినిపించకుండానే వేయించుకున్నాను.