బంతులు లేస్తే చాలా? గుండె ఆపరేషన్ తర్వాత ఊపిరి కసరత్తుపై చర్చ

సమన్వయకర్త: బైపాస్ పేషెంట్లకు స్పైరోమీటర్‌తో, అంటే లోతుగా ఊపిరి పీల్చడం సాధన చేయించే పరికరంతో, అదనపు మేలు ఉందనడానికి ఆధారం దొరకలేదని 2012లో కోక్రేన్ సమీక్ష (వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసేది) చెప్పింది. అయినా అందరి చేతిలో ఆ మూడు బంతుల డబ్బా పెడుతున్నారు. కావాలా, అక్కర్లేదా?

సర్జన్: కావాలి. రొమ్ము ఎముక కోసి, తీగలతో బిగిస్తాం. నొప్పికి భయపడి పేషెంట్ పైపైనే ఊపిరి తీసుకుంటాడు. ఊపిరితిత్తుల అడుగు భాగం, ముఖ్యంగా ఎడమవైపు, ముడుచుకుపోతుంది. కఫం నిలిచి...

ఫిజియోథెరపిస్ట్: అదే చెబుతున్నా సార్! అది తెరుచుకోవాలంటే గాలి లోపలికి పోవాలి. వార్డులో మనమేమంటాం? ‘బంతులు ఊదండమ్మా’. ఆవిడ ఊదుతుంది, బంతి కదలదు. ఊదేది కాదు, పీల్చేది!

నర్సు: మేం చూపిస్తూనే ఉన్నాం మేడమ్, కానీ...

ఫిజియోథెరపిస్ట్: ఒకసారి చూపిస్తే చాలదు. నిటారుగా కూర్చోవాలి. ముందు గాలి మామూలుగా వదిలేయాలి. మౌత్‌పీస్ చుట్టూ పెదాలు బిగించి నిదానంగా పీల్చాలి. 3 నుంచి 5 సెకన్లు బిగబట్టి వదలాలి. మెలకువగా ఉన్నప్పుడు గంటకు 10 సార్లు.

సమన్వయకర్త: మూడు బంతులూ లేస్తే బాగైనట్టేనా?

ఫిజియోథెరపిస్ట్: కాదండీ! మూడో బంతి లేవాలంటే సెకనుకు 1200 సీసీ వేగం కావాలి. అరసెకను గుంజితే లోపలికి పోయేది 600 సీసీ. మొదటి బంతికి 600 వేగం చాలు. దాన్నే 3 సెకన్లు నిలబెడితే 1800 సీసీ! ఏది మేలు? కొందరు డబ్బాను వంచేస్తారు, బంతి తేలిగ్గా లేస్తుంది, లెక్క తప్పుతుంది.

సర్జన్: పిస్టన్ ఉండే రకంలో ఎంత గాలి పీల్చారో నేరుగా కనిపిస్తుంది...

సమన్వయకర్త: డాక్టర్ గారూ, కావాలా, అక్కర్లేదా? ఒక్క మాటలో.

సర్జన్: ఒక్క మాటలో తేలేది కాదు. 2019లో బైపాస్ పేషెంట్లపై వచ్చిన ట్రయల్‌లో, స్పైరోమీటర్ వాడమని గుర్తుచేస్తూ మోగే గంట పెట్టారు. వాడకం పెరిగింది, ఊపిరితిత్తులు ముడుచుకోవడం తీవ్రత తగ్గింది. అంటే లోపం పరికరానిది కాదు...

ఫిజియోథెరపిస్ట్: నేర్పడానిది! నేనూ అదేగా అంటున్నది!

నర్సు: ఇళ్లలో దీని బదులు బెలూన్లు ఊదిస్తున్నారు.

ఫిజియోథెరపిస్ట్: చూశారా, మళ్లీ ఊదడమే! ఇంకోటి, దగ్గు. నొప్పని దగ్గు ఆపుకుంటారు. దిండును రొమ్ముకు గట్టిగా హత్తుకుని దగ్గించండి. నొప్పి మాత్ర పనిచేస్తున్న వేళలో కసరత్తు పెట్టండి. పదీ ఒకే ఊపులో చేస్తే తల తిరుగుతుంది, మధ్యలో మామూలు ఊపిరి...

సర్జన్: నడక సంగతి కూడా చెప్పనివ్వండి. లేచి నడవకపోతే ఏ డబ్బా...

ఫిజియోథెరపిస్ట్: నడక కావాలి సార్, కాదన్నదెవరు? ముందు ఊపిరి తీయడం రావాలిగా!

నర్సు: రొమ్ము ఎముక దగ్గర ‘టక్’మన్నా, జ్వరం వచ్చినా, ఆయాసం పెరిగినా వెంటనే చెప్పాలని కూడా...

సమన్వయకర్త: అంటే మేడమ్ అన్నట్టు, నేర్పకుండా ఇస్తే అక్కర్లేనట్టే కదా?

సర్జన్: నేనలా అనలేదు.

ఫిజియోథెరపిస్ట్: ఆపరేషన్‌కు ముందే, నొప్పి లేనప్పుడే నేర్పాలి! ఆ రోజు ఎంత పీల్చారో రాసిపెట్టుకుంటే, తర్వాత రోజూ దాంతో పోల్చి...

సమన్వయకర్త: సమయం అయిపోయింది మేడమ్.

ఫిజియోథెరపిస్ట్: ఒక్క నిమిషం, మౌత్‌పీస్ ఒకరిది ఒకరు వాడకూడదని...