వెనక్కి తిరిగి చూస్తే కళ్లు తిరుగుతున్నాయా?

యాంకర్: నర్సంపేట నుంచి కాల్ ఉంది. చెప్పండమ్మా.

కాలర్: నమస్తే సార్. మా ఆయనకు 34 ఏళ్లు, ట్రాక్టర్ నడుపుతాడు. బీపీ లేదు, షుగర్ లేదు, మందు ముట్టడు. అయినా రెండుసార్లు స్ట్రోక్ వచ్చింది. మొదటిసారి వాంతులైతే ఊళ్లో పైత్యమన్నారు. రెండోసారి నడక తూలింది, ఎదురుగా ఉన్న మనిషి ఇద్దరిలా కనబడ్డాడట. స్కానింగ్‌లో చిన్న మెదడు దెబ్బతిన్నదని చెప్పి, రక్తం పలుచబడే గోలీలు రాశారు. ఎందుకొచ్చిందో మాత్రం ఎవరూ చెప్పట్లేదు, అదే టెన్షన్.

డాక్టర్: తల తిప్పితే ఏమైనా అవుతుందా?

కాలర్: అవుతుంది సార్. దున్నేటప్పుడు కల్టివేటర్ ఎట్లా పడుతుందో చూసుకోవడానికి మాటిమాటికీ వెనక్కి తిరుగుతాడు కదా, కుడివైపు తిరిగితేనే కళ్లు తిరుగుతాయంటాడు. మెడనొప్పి ఎప్పటినుంచో ఉంది, కటింగ్ షాపులో మెడ విరిపించుకుంటాడు.

డాక్టర్: ముందు అది మాన్పించండి, ఇవాళ్టి నుంచే. మెదడు వెనక భాగానికి రక్తం తీసుకెళ్లే రెండు నాళాలు మెడ ఎముకల రంధ్రాల్లోంచి పైకెక్కి, మొదటి ఎముక మీద మలుపు తిరిగి పుర్రెలోకి వెళ్తాయి. తల తిరిగే తిప్పుడులో దాదాపు సగం మొదటి, రెండో ఎముకల మధ్యే జరుగుతుంది. కొందరికి పుట్టుకతోనో, చిన్నప్పటి దెబ్బతోనో అక్కడి కీలు వదులుగా ఉంటుంది. తిప్పినప్పుడల్లా నాళం నలిగి, లోపలి పొర చిరిగి, అక్కడ కట్టిన రక్తపు గడ్డ మెదడుకు పోతుంది. గోలీలు గడ్డ కట్టకుండా చూస్తాయి గానీ ఆ నలుగుడును ఆపలేవు. ఆయనది ఇదేనని ఫోన్లో చెప్పలేను, కానీ మెడ చూడకుండా వదలకూడదమ్మా.

కాలర్: ఏ టెస్టు చేయించాలి సార్?

డాక్టర్: మెడ నుంచి తల దాకా సీటీ యాంజియోగ్రామ్, అంటే రక్తనాళాలు కనబడేలా తీసే స్కానింగ్, మెడ వంచి ఒకటి, ఎత్తి ఒకటి ఎక్స్‌రేలు. డాక్టర్ దగ్గరుండి తీయించాలి, ఇంట్లో మీరు తిప్పి చూడొద్దు. కొందరికి చెవి కింద ఉండే సన్నటి ఎముక 3 సెంటీమీటర్లు దాటి పెరిగి మెడ ముందరి నాళాన్ని ఒత్తుతుంది, అదీ ఆ సీటీలోనే కనబడుతుంది. కీలు వదులని తేలితే స్క్రూలతో బిగిస్తారు. న్యూరాలజీ, న్యూరోసర్జరీ రెండూ ఉన్న చోటికే వెళ్లండి. గోలీలు సొంతంగా ఆపొద్దు.

కాలర్: ట్రాక్టర్ ఎక్కొచ్చా? దుక్కుల పని నడుస్తోంది.

డాక్టర్: రిపోర్టులు వచ్చేదాకా వద్దు. ఈలోపు హఠాత్తుగా తూలినా, మాట తడబడినా, రెండుగా కనబడినా, కాళ్లు చేతులు బాగానే ఉన్నాయి కదా అని ఆగకండి, 108కి ఫోన్ చేయండి. గడ్డ కరిగించే ఇంజెక్షన్ మామూలుగా నాలుగున్నర గంటల్లోపే ఇస్తారు. ఆయన వాడే గోలీల చీటీ చూసి ఇవ్వొచ్చో లేదో వాళ్లు తేలుస్తారు, అది తప్పకుండా వెంట పట్టుకెళ్లండి.

కాలర్: సరే సార్, అప్పటిదాకా మా మరిదిని నడపమంటా.